5000 ఎంఏహెచ్ అంటే అసలు ఎంత? ఫోన్ బ్యాటరీ నుంచి ఇన్వర్టర్ దాకా.. ఛార్జ్ లెక్కలు ఇలా మార్చుకోండి

కొత్త ఫోన్ కొనేటప్పుడు అందరూ ముందు చూసేది బ్యాటరీనే. 5000 ఎంఏహెచ్, 6000 ఎంఏహెచ్ అని బాక్స్ మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. పవర్ బ్యాంక్ అయితే 10000, 20000. ఇన్వర్టర్ బ్యాటరీ షాపుకి వెళ్తే అక్కడ ఏహెచ్ అంటారు. విమానం ఎక్కబోతే వాట్ అవర్ ఎంత అని అడుగుతారు. ఇంటర్ చదివే పిల్లల పుస్తకం తెరిస్తే కులూంబ్, ఫారడే అని ఉంటుంది.

ఇన్ని పేర్లు ఉన్నా వీటిలో చాలావరకు కొలిచేది ఒక్కదాన్నే. అదే విద్యుదావేశం, అంటే ఎలక్ట్రిక్ ఛార్జ్. ఒక యూనిట్ నుంచి ఇంకో యూనిట్‌కి మార్చడం తెలియకపోతే డబ్బులు పోతాయి, ఎయిర్‌పోర్టులో పవర్ బ్యాంక్ పోతుంది, పరీక్షలో మార్కులు పోతాయి. తెలిస్తే మాత్రం ఫోన్‌లో ఉన్న కాలిక్యులేటర్ చాలు. ఆ లెక్కలేంటో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఛార్జ్ వేరు, కరెంట్ వేరు

చాలామంది కన్‌ఫ్యూజ్ అయ్యేది ఇక్కడే. బోరు మోటార్ వేసి ట్యాంక్ నింపడం గుర్తు చేసుకోండి. పైపులో నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నాయన్నది ఒక లెక్క. ట్యాంక్‌లోకి మొత్తం ఎన్ని లీటర్లు చేరాయన్నది ఇంకో లెక్క.

కరెంట్ అంటే పైపులో వచ్చే వేగం లాంటిది. దీన్ని ఆంపియర్లలో కొలుస్తారు. ఛార్జ్ అంటే మొత్తం వచ్చిన నీళ్ల లాంటిది. వేగాన్ని సమయంతో గుణిస్తే మొత్తం వస్తుంది కదా, ఇక్కడా అంతే.

ఛార్జ్ = కరెంట్ × సమయం

ఈ ఒక్క సూత్రం గుర్తుంటే మిగతా యూనిట్లన్నీ దీని నుంచే వచ్చేస్తాయి. సమయాన్ని సెకన్లలో తీసుకుంటే జవాబు కులూంబ్‌లలో వస్తుంది. గంటల్లో తీసుకుంటే ఆంపియర్ అవర్‌లో వస్తుంది. తేడా అంతే.

కులూంబ్ ఎక్కడి నుంచి వచ్చింది?

ఫ్రాన్స్‌కు చెందిన భౌతిక శాస్త్రవేత్త షార్ల్ ఆగస్టిన్ ద కులూంబ్ పేరు మీద ఈ యూనిట్ వచ్చింది. ఆయన 1736లో పుట్టి 1806లో చనిపోయారు. సన్నని తీగ మెలి తిరగడాన్ని బట్టి బలాన్ని కొలిచే టోర్షన్ బ్యాలెన్స్ అనే పరికరంతో, రెండు ఛార్జ్‌ల మధ్య బలం దూరాన్ని బట్టి ఎలా మారుతుందో 1785లో లెక్కగట్టి చూపించారు. మన ఫిజిక్స్ పుస్తకాల్లో ఉండే కులూంబ్ నియమం అదే.

ఒక ఆంపియర్ కరెంట్ ఒక సెకను పాటు ప్రవహిస్తే దాటే ఛార్జ్ ఒక కులూంబ్. చాలాకాలం ఈ యూనిట్‌ను ఆంపియర్ మీద ఆధారపడే నిర్వచించారు. 2019 మే 20 నుంచి లెక్క తిరగబడింది. ఒక ఎలక్ట్రాన్ మీద ఉండే ఛార్జ్ పరిమాణం కచ్చితంగా 1.602176634 × 10⁻¹⁹ కులూంబ్ అని అంతర్జాతీయంగా ఫిక్స్ చేశారు. ఇప్పుడు ఆంపియర్‌నే ఈ విలువ నుంచి రాబడుతున్నారు.

అంటే ఒక కులూంబ్‌లో దాదాపు 6.24 × 10¹⁸ ఎలక్ట్రాన్ల ఛార్జ్ ఉంటుంది. మన లెక్కలో చెప్పాలంటే 62 లక్షల కోట్ల ఎలక్ట్రాన్లను ఒక గుంపు అనుకుంటే, అలాంటివి దాదాపు లక్ష గుంపులు.

ఆంపియర్ అవర్ ఎందుకు వాడతారు?

కులూంబ్ అనేది బ్యాటరీల లెక్కకు చాలా చిన్నది. ఇన్వర్టర్ బ్యాటరీని కులూంబ్‌లలో చెప్పాలంటే లక్షల్లో చెప్పాలి. పైగా జనం సెకన్లలో ఆలోచించరు, "ఎన్ని గంటలు వస్తుంది?" అని అడుగుతారు. అందుకే బ్యాటరీ కంపెనీలు ఆంపియర్ అవర్ వాడతాయి. షార్ట్‌గా ఏహెచ్.

గంటకు 60 నిమిషాలు, నిమిషానికి 60 సెకన్లు. 60 × 60 = 3600 సెకన్లు. కాబట్టి ఒక ఆంపియర్ గంట పాటు పారితే 3600 కులూంబ్‌లు.

1 ఏహెచ్ = 3600 కులూంబ్‌లు

దాంట్లో వెయ్యో వంతు మిల్లీ ఆంపియర్ అవర్. అదే ఎంఏహెచ్. 3600ని వెయ్యితో భాగిస్తే 3.6.

1 ఎంఏహెచ్ = 3.6 కులూంబ్‌లు

ఫోన్, ఇయర్‌బడ్స్, స్మార్ట్‌వాచ్‌ల వంటి చిన్న వాటికి ఎంఏహెచ్. బైక్, కారు, ఇన్వర్టర్‌లకు ఏహెచ్. 5000 ఎంఏహెచ్ అన్నా 5 ఏహెచ్ అన్నా ఒక్కటే. ఎంఏహెచ్ అంటే అంకె పెద్దగా కనిపిస్తుంది.

సేవ్ చేసుకోదగ్గ కన్వర్షన్ లిస్ట్

• ఏహెచ్ నుంచి కులూంబ్: 3600తో గుణించాలి
• కులూంబ్ నుంచి ఏహెచ్: 3600తో భాగించాలి
• ఎంఏహెచ్ నుంచి కులూంబ్: 3.6తో గుణించాలి
• కులూంబ్ నుంచి ఎంఏహెచ్: 3.6తో భాగించాలి
• ఎంఏహెచ్ నుంచి ఏహెచ్: 1000తో భాగించాలి
• ఆంపియర్ నిమిషం నుంచి కులూంబ్: 60తో గుణించాలి
• 1 మిల్లీ కులూంబ్ = 10⁻³ కులూంబ్
• 1 మైక్రో కులూంబ్ = 10⁻⁶ కులూంబ్
• 1 నానో కులూంబ్ = 10⁻⁹ కులూంబ్
• 1 పికో కులూంబ్ = 10⁻¹² కులూంబ్
• 1 ఎలక్ట్రాన్ ఛార్జ్ పరిమాణం = 1.602 × 10⁻¹⁹ కులూంబ్
• 1 ఫారడే = సుమారు 96,485 కులూంబ్‌లు = సుమారు 26.8 ఏహెచ్
• 1 స్టాట్ కులూంబ్ = సుమారు 3.336 × 10⁻¹⁰ కులూంబ్
• 1 అబ్ కులూంబ్ = 10 కులూంబ్‌లు

చివరి రెండూ పాత సీజీఎస్ పద్ధతిలోవి. పాత పుస్తకాల్లో, కొన్ని పోటీ పరీక్షల ప్రశ్నల్లో తప్ప ఇప్పుడు పెద్దగా కనిపించవు. స్టాట్ కులూంబ్‌నే ఈఎస్‌యూ అని కూడా రాస్తారు.

మీ ఫోన్‌లో ఎన్ని ఎలక్ట్రాన్లు?

5000 ఎంఏహెచ్ ఫోన్ తీసుకుందాం. 5000 × 3.6 = 18,000 కులూంబ్‌లు. దీన్ని 6.24 × 10¹⁸తో గుణిస్తే 1.12 × 10²³. ఫుల్ ఛార్జ్ నుంచి సున్నా దాకా వాడేసరికి అన్ని ఎలక్ట్రాన్లు బ్యాటరీ ఒక వైపు నుంచి బయటకొచ్చి, ఫోన్ సర్క్యూట్ అంతా తిరిగి రెండో వైపు చేరతాయి.

బ్యాటరీ లోపల అన్నే లిథియం అయాన్లు కూడా అటు నుంచి ఇటు కదలాలి. ఒక్కో ఎలక్ట్రాన్‌కు ఒక్కో అయాన్. వాటి బరువు లెక్కగడితే సుమారు 1.3 గ్రాములు వస్తుంది. రోజంతా రీల్స్ చూసేది, వీడియో కాల్స్ మాట్లాడేది ఆ గ్రామున్నర కూడా లేని లిథియం అటూఇటూ తిరగడం వల్లే.

వాడకం లెక్క కూడా ఈజీనే. ఫోన్ సగటున 500 మిల్లీ ఆంపియర్లు లాగుతుంటే 5000 ÷ 500 = 10 గంటలు. వెయ్యి మిల్లీ ఆంపియర్లు లాగే గేమ్ ఆడితే 5 గంటలు.

స్కూటర్ బ్యాటరీ ఫోన్ కంటే చిన్నదా?

ఇక్కడ చిన్న ట్విస్ట్ ఉంది. చాలా పెట్రోల్ స్కూటర్లలో ఉండే బ్యాటరీ 4 ఏహెచ్ దగ్గర ఉంటుంది. అంటే 4000 ఎంఏహెచ్. మరి ఫోన్‌లో 5000 ఉంది కదా? ఛార్జ్ లెక్కలో చూస్తే ఫోన్ బ్యాటరీదే పైచేయి. కానీ సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిప్పేది స్కూటర్ బ్యాటరీ.

దీనికి ప్రధాన కారణం వోల్టేజ్. మళ్లీ నీళ్ల ట్యాంక్ దగ్గరకే వద్దాం. ట్యాంక్‌లో ఎన్ని లీటర్లున్నాయన్నది ఛార్జ్ అయితే, ఆ ట్యాంక్ ఎంత ఎత్తులో ఉందన్నది వోల్టేజ్. నేల మీదున్న ట్యాంక్‌లో, మూడో అంతస్తు మీదున్న ట్యాంక్‌లో నీళ్లు సమానంగానే ఉండొచ్చు. పని చేసే శక్తి మాత్రం పైనున్న దానికే ఎక్కువ.

శక్తి కావాలంటే ఛార్జ్‌ను వోల్టేజ్‌తో గుణించాలి.

వాట్ అవర్ = ఏహెచ్ × వోల్ట్‌లు

ఫోన్: 5 ఏహెచ్ × 3.85 వోల్ట్‌లు = 19.25 వాట్ అవర్
స్కూటర్: 4 ఏహెచ్ × 12 వోల్ట్‌లు = 48 వాట్ అవర్

ఛార్జ్ తక్కువే అయినా శక్తి దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ. పైగా స్కూటర్ బ్యాటరీని ఒక్కసారిగా భారీ కరెంట్ ఇచ్చేలా తయారు చేస్తారు. అందుకే వోల్టేజ్ వేరువేరుగా ఉన్న రెండు బ్యాటరీలను ఏహెచ్ చూసి పోల్చకూడదు.

ఎలక్ట్రిక్ స్కూటర్ కొనేవాళ్లకు ఈ పాయింట్ మరీ ముఖ్యం. 48 వోల్ట్‌ల 28 ఏహెచ్ బ్యాటరీ అంటే 1344 వాట్ అవర్. 60 వోల్ట్‌ల 24 ఏహెచ్ అంటే 1440 వాట్ అవర్. ఏహెచ్ తక్కువ ఉన్న రెండో దాంట్లోనే శక్తి ఎక్కువ. షోరూంలో ఏహెచ్ ఒక్కటే చెబితే వోల్టేజ్ ఎంతో అడగండి, లేదంటే కిలోవాట్ అవర్ ఎంతో చెప్పమనండి.

20000 పవర్ బ్యాంక్.. 4 సార్లు ఎందుకు ఎక్కదు?

20000ని 5000తో భాగిస్తే 4. కాబట్టి ఫోన్ నాలుగుసార్లు ఫుల్ అవ్వాలి. అవ్వదు. పవర్ బ్యాంక్ పాడైందనో, మోసపోయామనో అనుకునేవాళ్లు ఎక్కువ. అసలు సంగతి వేరే.

పవర్ బ్యాంక్ మీద రాసే ఎంఏహెచ్ లోపలి సెల్స్‌ది. వాటి వోల్టేజ్ సాధారణంగా 3.7. కానీ యూఎస్‌బీ నుంచి బయటకొచ్చేది 5 వోల్ట్‌లు, ఫాస్ట్ ఛార్జింగ్‌లో ఇంకా ఎక్కువ. వోల్టేజ్ పెంచినప్పుడు ఎంఏహెచ్ తగ్గుతుంది. మొత్తం శక్తి మాత్రం పెరగదు.

లెక్క చూడండి. 20 ఏహెచ్ × 3.7 = 74 వాట్ అవర్. దీన్ని 5తో భాగిస్తే 14.8 ఏహెచ్, అంటే 14,800 ఎంఏహెచ్. మార్చేటప్పుడు వేడి రూపంలో కొంత పోతుంది. 85 శాతం చేతికొస్తుందనుకుంటే 63 వాట్ అవర్ దగ్గర మిగులుతుంది. ఫోన్‌కు 19.25 వాట్ అవర్ కావాలి. 63 ÷ 19.25 = 3.27. ఫోన్ లోపల కూడా కొంత నష్టం ఉంటుంది. చివరికి దాదాపు మూడుసార్లు. అది మోసం కాదు, లెక్క.

పవర్ బ్యాంక్ వెనక చిన్న అక్షరాల్లో "రేటెడ్ కెపాసిటీ" అని ఇంకో అంకె ఉంటుంది. 5 వోల్ట్‌ల దగ్గర నిజంగా బయటకొచ్చేది అదే. కొనేటప్పుడు పెద్ద అంకె కాదు, దాన్ని చూడాలి.

మరి నిజమైన మోసాన్ని ఎలా పట్టుకోవాలి? బరువు చూడండి. 50000 ఎంఏహెచ్ అంటే 185 వాట్ అవర్. ఇప్పుడున్న మంచి లిథియం సెల్స్‌లో కిలోకు 250 వాట్ అవర్ దాకా వస్తుందనుకున్నా, సెల్స్ బరువే ముప్పావు కిలో దగ్గర ఉండాలి. అరచేతిలో ఇమిడిపోయి, తేలిగ్గా ఉండే డబ్బా మీద 50000 అని రాసుంటే ఆ అంకెను నమ్మకపోవడమే మంచిది. పవర్ బ్యాంకులకు మన దేశంలో బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ మార్క్, నంబర్ ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

విమానం ఎక్కేముందు ఈ లెక్క వేసుకోండి

శంషాబాద్ నుంచి గల్ఫ్‌కి వెళ్లేవాళ్లయినా, అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులైనా బ్యాగులో ఒక పవర్ బ్యాంక్ ఉండాల్సిందే. ఇక్కడ రూల్ ఎంఏహెచ్‌లో ఉండదు, వాట్ అవర్‌లో ఉంటుంది.

• 100 వాట్ అవర్ లోపు: క్యాబిన్ బ్యాగులో అనుమతి ఉంటుంది
• 100 నుంచి 160 వాట్ అవర్: ఎయిర్‌లైన్ ముందస్తు అనుమతి కావాలి
• 160 వాట్ అవర్ దాటితే: తీసుకెళ్లనివ్వరు
• చెక్ ఇన్ బ్యాగులో పవర్ బ్యాంక్ ఎంత చిన్నదైనా పెట్టకూడదు

ఎంఏహెచ్‌ను 1000తో భాగించి 3.7తో గుణిస్తే వాట్ అవర్ వస్తుంది. 10000 అంటే 37. 20000 అంటే 74. 27000 అంటే 99.9, అంటే గీత మీద ఉన్నట్టే. 30000 అంటే 111, కాబట్టి అనుమతి అడగాల్సిందే.

పవర్ బ్యాంక్ మీద అక్షరాలు చెరిగిపోతే సెక్యూరిటీ దగ్గర ఆపేసే అవకాశం ఉంది. కెపాసిటీ కనబడేలా ఉన్నదే తీసుకెళ్లండి. ఎన్ని తీసుకెళ్లొచ్చు, విమానంలో వాడొచ్చా లేదా అన్న రూల్స్ మారుతున్నాయి. బయల్దేరే ముందు మీ ఎయిర్‌లైన్ వెబ్‌సైట్ ఒకసారి చెక్ చేసుకోండి.

క్యాబిన్‌లోనే ఎందుకు? లిథియం బ్యాటరీ వేడెక్కి మంటలు వస్తే కళ్ల ముందుంటే సిబ్బంది వెంటనే ఆర్పగలరు. కింద లగేజీలో ఉంటే మంట ముదిరేదాకా తెలియకపోవచ్చు.

ఇన్వర్టర్: 150 ఏహెచ్ అంటే ఎన్ని గంటలు?

ఎండాకాలం వస్తే ఇన్వర్టర్ షాపుల దగ్గర రద్దీ ఉంటుంది. ఎక్కువగా వినిపించేది 12 వోల్ట్‌ల 150 ఏహెచ్ బ్యాటరీ.

కులూంబ్‌లలో: 150 × 3600 = 5,40,000
వాట్ అవర్‌లో: 150 × 12 = 1800

1800 వాట్ అవర్ అంటే 1.8 కిలోవాట్ అవర్. కరెంట్ బిల్లు భాషలో 1.8 యూనిట్లు. ఇంట్లో రెండు ఫ్యాన్లు, నాలుగు ఎల్ఈడీ లైట్లు, వైఫై రూటర్ కలిపి 200 వాట్ల లోడ్ అనుకుందాం. 1800 ÷ 200 = 9 గంటలు. కాగితం మీద ఇది. ఇన్వర్టర్‌లో మార్పిడి నష్టం 20 శాతం తీసేస్తే 7 గంటల చిల్లర.

ఇంకో మెలిక ఉంది. బ్యాటరీ మీద సీ20 అని రాసి ఉంటుంది. 20 గంటల పాటు నిదానంగా వాడితేనే ఆ 150 ఏహెచ్ వస్తుందని దానర్థం. 150 ÷ 20 = 7.5 ఆంపియర్లు. మనం 200 వాట్లు వాడితే బ్యాటరీ నుంచి లాగేది 20 ఆంపియర్లు దాటుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీని ఎంత వేగంగా వాడితే అంత తక్కువ ఇస్తుంది. కాబట్టి కొత్త బ్యాటరీ అయినా ఐదారు గంటలు వస్తే బాగా వచ్చినట్టే. ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా తగ్గుతుంది.

రెండు బ్యాటరీలు ఒకేలా కనిపించినా, ఒకదాని మీద సీ20 అని, ఇంకోదాని మీద సీ10 అని ఉంటే రెండూ సమానం కాదు. 10 గంటల్లోనే 150 ఏహెచ్ ఇవ్వగలిగేది సీ10 రేటింగ్ ఉన్నది. ధర పోల్చేముందు ఇది చూడాలి.

రెండు బ్యాటరీలు కలిపితే?

సిరీస్‌లో కలిపితే వోల్టేజ్ పెరుగుతుంది, ఏహెచ్ మారదు. ప్యారలల్‌లో కలిపితే ఏహెచ్ పెరుగుతుంది, వోల్టేజ్ మారదు. 12 వోల్ట్‌ల 150 ఏహెచ్ బ్యాటరీలు రెండింటిని సిరీస్‌లో పెడితే 24 వోల్ట్‌లు, 150 ఏహెచ్. ప్యారలల్‌లో పెడితే 12 వోల్ట్‌లు, 300 ఏహెచ్. ఎలా కలిపినా మొత్తం శక్తి 3600 వాట్ అవరే. ఎలా కలపాలన్నది ఇన్వర్టర్ ఎన్ని వోల్ట్‌లదో దాన్ని బట్టి ఉంటుంది. ఈ పని సొంతంగా కాకుండా తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించుకోవాలి.

మరి కరెంట్ బిల్లు కులూంబ్‌లలో ఎందుకు రాదు?

ఇళ్లకు వచ్చేది ఏసీ కరెంట్. అందులో ఎలక్ట్రాన్లు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతాయి. సబ్‌స్టేషన్ నుంచి మన ఇంటికి వచ్చి ఉండిపోయే ఛార్జ్ అంటూ ఏమీ ఉండదు. మనం వాడుకునేది శక్తిని. అందుకే మీటర్ కిలోవాట్ అవర్‌లలో తిరుగుతుంది, బిల్లు యూనిట్లలో వస్తుంది.

పిడుగులో ఛార్జ్ ఫోన్ కంటే తక్కువ!

వినడానికి నమ్మబుద్ధి కాదు. ఒక సాధారణ పిడుగు మేఘం నుంచి నేలకు మోసుకొచ్చే ఛార్జ్ 15 కులూంబ్‌ల స్థాయిలో ఉంటుంది. కొన్ని పెద్ద పిడుగుల్లో వందల కులూంబ్‌లు కూడా ఉంటాయి. ఫోన్ బ్యాటరీలో 18,000 కులూంబ్‌లు ఉన్నాయని పైన చూశాం.

మరి పిడుగు ప్రాణం ఎందుకు తీస్తుంది? ఆ ఛార్జ్ కోట్ల వోల్ట్‌ల తేడాతో, సెకనులో చిన్న భాగంలోనే కిందికి దిగుతుంది. కరెంట్ 30 వేల ఆంపియర్ల దాకా చేరుతుంది. ఫోన్ అదే పనిని 4 వోల్ట్‌ల లోపే, గంటల తరబడి చేస్తుంది. ఎంత ఛార్జ్ అన్నది ఒక్కటే చాలదు, ఎంత వోల్టేజ్‌తో, ఎంత టైంలో అన్నది కూడా చూడాలి. ఉరుములు వినిపిస్తే పొలంలో, చెట్టు కింద ఉండకుండా పక్కా ఇంట్లోకి వెళ్లమని చెప్పేది అందుకే.

దీనికి పూర్తి వ్యతిరేకం చలికాలంలో తలుపు గొళ్లెం ముట్టుకుంటే చురుక్కుమనే షాక్. ఒంటి మీద పోగయ్యే వోల్టేజ్ 10 వేల దాకా ఉండొచ్చు. కానీ ఛార్జ్ మాత్రం ఒక మైక్రో కులూంబ్ స్థాయిలోనే, అంటే కులూంబ్‌లో పది లక్షల వంతు. మనిషికి చురుక్కుమనడం తప్ప ఏమీ కాదు. కంప్యూటర్ చిప్‌కు మాత్రం ఆ కాస్తే చాలు పాడైపోవడానికి.

ఇంటర్, ఈఏపీసెట్, నీట్ విద్యార్థులకు

పరీక్షల్లో ఎక్కువగా వచ్చేవి మూడు రకాలు.

మొదటిది ఎలక్ట్రాన్ల సంఖ్య. ఒక వస్తువు మీద 8 మైక్రో కులూంబ్‌ల రుణావేశం ఉంటే ఎన్ని ఎలక్ట్రాన్లు అదనంగా చేరినట్టు? ముందు 8 × 10⁻⁶ కులూంబ్ అని రాసుకోవాలి. దాన్ని 1.6 × 10⁻¹⁹తో భాగిస్తే 5 × 10¹³. మైక్రోను 10⁻³ అనుకుంటే జవాబు వెయ్యి రెట్లు మారిపోతుంది. ఆప్షన్లలో ఆ తప్పు జవాబు కూడా ఉండే ఛాన్స్ ఎక్కువ.

ఛార్జ్ ఎప్పుడూ ఎలక్ట్రాన్ ఆవేశానికి పూర్ణాంక గుణిజంగానే ఉంటుంది. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ మిల్లికాన్ నూనె బిందువుల ప్రయోగం దీన్నే నిరూపించింది. ఎలక్ట్రాన్ ఛార్జ్ కొలత, ఫోటో ఎలక్ట్రిక్ ఫలితంపై చేసిన పరిశోధనలకు ఆయనకు 1923లో నోబెల్ వచ్చింది. జవాబు 2.5 ఎలక్ట్రాన్లు అని వస్తే ఎక్కడో లెక్క తప్పినట్టే.

రెండోది కరెంట్, సమయం ఇచ్చి ఛార్జ్ అడగడం. 2 ఆంపియర్ల కరెంట్ 30 నిమిషాలు పారితే? 30ని 60తో గుణించి 1800 సెకన్లు చేయాలి. 2 × 1800 = 3600 కులూంబ్‌లు. నిమిషాలను అలాగే వదిలేసి 60 అని రాయడం మామూలుగా జరిగే పొరపాటు.

మూడోది కెమిస్ట్రీలో విద్యుద్విశ్లేషణ. ఇక్కడ ఫారడే వస్తుంది. ఒక మోల్ ఎలక్ట్రాన్ల మొత్తం ఛార్జ్ ఒక ఫారడే. పరీక్షలో 96,500 కులూంబ్‌లు తీసుకుంటారు. పైన వచ్చిన 3600 కులూంబ్‌లనే కాపర్ సల్ఫేట్ ద్రావణంలోకి పంపితే ఎంత రాగి పూత పడుతుంది? రాగి పరమాణు భారం 63.5. ఒక్కో రాగి అయాన్‌కు 2 ఎలక్ట్రాన్లు కావాలి. 63.5 ÷ 2 = 31.75 గ్రాములకు 96,500 కులూంబ్‌లు. 31.75 × 3600 ÷ 96,500 = సుమారు 1.18 గ్రాములు. 3600 కులూంబ్‌లు అంటే ఒక ఏహెచ్ కదా, కాబట్టి ఒక ఏహెచ్‌కు 1.18 గ్రాముల రాగి అని కూడా గుర్తుపెట్టుకోవచ్చు.

ఫారడే, ఫారడ్ రెండూ ఒకటి కావు. ఫారడే ఛార్జ్‌ను కొలుస్తుంది, ఫారడ్ కెపాసిటీని, అంటే కెపాసిటర్ సామర్థ్యాన్ని కొలుస్తుంది. రెండూ మైకేల్ ఫారడే పేరు మీద వచ్చినవే కావడంతో తికమక పడుతుంటారు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

• ఎంఏ, ఎంఏహెచ్ ఒకటే అనుకోవడం. ఛార్జర్ మీద రాసేది ఎంఏ లేదా ఆంపియర్, అది వేగం. బ్యాటరీ మీద రాసేది ఎంఏహెచ్, అది మొత్తం.
• "ఆంపియర్ పర్ అవర్" అనడం. ఇక్కడ భాగహారం లేదు, గుణకారం ఉంది. ఆంపియర్ అవర్ అనాలి.
• వోల్టేజ్ చూడకుండా ఎంఏహెచ్‌లు పోల్చడం.
• ఏహెచ్‌ను నేరుగా యూనిట్లలోకి మార్చాలనుకోవడం. వోల్టేజ్ తెలియకుండా అది కుదరదు.
• బ్యాటరీ మీద ఉన్న అంకె మొత్తం వాడుకోవచ్చనుకోవడం. వేడి, వయసు, వాడే వేగం.. మూడూ కోత పెడతాయి.

త్వరగా జవాబు కావాలా?

4000 ఎంఏహెచ్ ఎన్ని కులూంబ్‌లు? 14,400.

స్మార్ట్‌వాచ్ 300 ఎంఏహెచ్ అయితే? 1080 కులూంబ్‌లు.

కారు బ్యాటరీ 35 ఏహెచ్ అయితే? 1,26,000 కులూంబ్‌లు.

9000 కులూంబ్‌లు ఎన్ని ఎంఏహెచ్? 9000 ÷ 3.6 = 2500.

ఈసారి షాపులో పెద్ద అంకె చూపించి "ఇదే బెస్ట్" అంటే వెంటనే తల ఊపకండి. డబ్బా తిప్పి వోల్టేజ్ ఎంతో, రేటెడ్ కెపాసిటీ ఎంతో చూడండి. ఫోన్ కాలిక్యులేటర్ తీసి ఒక గుణకారం చేయండి. అర నిమిషం పని.. వేల రూపాయల బ్యాటరీ దగ్గర అది కచ్చితంగా పనికొస్తుంది.